స్టాంపు గీత చెదరకుండా మార్కర్ రంగులు

చేత్తో చేసే కార్డు కోసం బొమ్మల స్టాంపుతో ముద్ర వేసిన పువ్వు మీద లేత గులాబీ ఆల్కహాల్ మార్కర్ తగలగానే నల్లగీత కరిగి రేకంతా బూడిదరంగు పాకేది. మార్కర్ మొన కూడా మురికి పట్టేది. మార్కర్లు మార్చినా అంతే. అసలు చిక్కు నేను వాడిన స్టాంపు ఇంకులో ఉంది. అది సాల్వెంట్ ఇంకు, అంటే నీటితో కాక రసాయన ద్రావకంతో చేసినది. మార్కర్‌లో రంగును మోసేది ఆల్కహాలే కాబట్టి, సాల్వెంట్ ఇంకును అది ఇట్టే కరిగించేస్తుంది. నీటి ఆధారిత డై ఇంకు వాడటం మొదలుపెట్టాక గీత నిలిచింది. మెమెంటో అనే బ్రాండు ఇంకు ఆ రకమే. ముద్ర వేశాక పూర్తిగా ఆరనివ్వాలి, తొందరైతే హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) చూపించాలి. కొత్త ఇంకు ఏదైనా ముందు చిత్తు ముక్క మీద చూడటమే మేలు.

రంగు గీత దాటి ఊరడం ఇంకో బాధ. దీనికి నున్నటి, మందపాటి మార్కర్ కార్డ్‌స్టాక్ (మార్కర్లకు తగిన అట్టలాంటి కాగితం) కావాలి. నేను గీతకు కాస్త ఇవతలే ఆపుతాను, మిగతా దూరం రంగే నడుస్తుంది. అయినా దాటితే కలర్‌లెస్ బ్లెండర్‌తో (రంగు లేకుండా ద్రావకం మాత్రమే ఉండే మార్కర్) బయటి నుంచి లోపలికి అద్దుతాను. అది రంగును చెరపదు, వెనక్కి నెడుతుంది.

షేడింగ్ నాకు ప్రాణం! ముందు లేత రంగు, నీడ పడేచోట ముదురు, తడి ఆరకముందే రెండూ కలిసే అంచు మీద మళ్లీ లేత రంగు. అప్పుడు చారలు కలిసిపోయి రేకు గుండ్రంగా కనిపిస్తుంది.

ఇంకు కాగితం వెనక్కి దిగుతుంది కాబట్టి బొమ్మను విడి ముక్క మీద వేసి, కత్తిరించి కార్డుకు అంటిస్తాను.