నోడ్ లాగ్‌లో ఒకరి రిక్వెస్ట్ ఐడీ ఇంకొకరికి పడుతోందా?

సమస్య

నోడ్.జేఎస్ సర్వర్‌లో ప్రతి రిక్వెస్టుకూ ఒక ఐడీ ఇచ్చి అసింక్‌లోకల్‌స్టోరేజ్‌లో (ఒక్కో రిక్వెస్టుకు విడిగా డేటా దాచే నోడ్ సదుపాయం) పెట్టారు. మీ లాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంటుంది. ట్రాఫిక్ పెరిగాక మాత్రం, డేటాబేస్ క్వెరీ తర్వాతి లాగ్ లైన్లలో ఐడీ బదులు అన్‌డిఫైన్డ్ పడుతుంది, లేదా వేరే రిక్వెస్ట్ ఐడీ పడుతుంది. ఈ రెండోదే అసలు టెన్షన్. అన్‌డిఫైన్డ్ అయితే చూడగానే దొరికిపోతుంది. తప్పు ఐడీని ఎవరూ అనుమానించరు. అదే స్టోర్‌లో యూజర్ పర్మిషన్లు కూడా ఉంచితే అది సెక్యూరిటీ సమస్యే.

కారణం

ప్రామిస్‌లు, టైమర్ల వెంట కాంటెక్స్ట్‌ను (ఏ రిక్వెస్ట్ పని నడుస్తోందన్న సమాచారం) నోడ్ తానే తీసుకెళ్తుంది. కాల్‌బ్యాక్‌లతో (పని అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్లు) నడిచే కనెక్షన్ పూల్ (రిక్వెస్టులన్నీ పంచుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపు) దగ్గరే ఆ లింకు తెగుతుంది. పూల్‌లో 10 కనెక్షన్లు ఉన్నాయనుకోండి. 11వ రిక్వెస్ట్ ఇచ్చిన కాల్‌బ్యాక్‌ను పూల్ ఒక మామూలు అర్రేలో దాచుకుంటుంది. 3వ రిక్వెస్ట్ కనెక్షన్ వదలగానే దాన్ని పిలుస్తుంది. ఆ పిలుపు 3వ రిక్వెస్ట్ కాంటెక్స్ట్‌లో జరుగుతుంది కాబట్టి స్టోర్‌ను చదివే గెట్‌స్టోర్ దాని ఐడీనే ఇస్తుంది. ఒక్కరే టెస్ట్ చేస్తుంటే క్యూ ఏర్పడదు, అందుకే బగ్ బయటపడదు.

ఈవెంట్లు పంపే ఈవెంట్‌ఎమిటర్‌లోనూ అంతే: లిజనర్‌కు (ఈవెంట్ వస్తే నడిచే ఫంక్షన్) అందేది ఎమిట్ చేసిన చోటి కాంటెక్స్ట్.

నిర్ధారణ

పూల్ సైజు 1కి తగ్గించి, రెండు రిక్వెస్టులు ఒకేసారి పంపండి. క్వెరీకి ముందు, కాల్‌బ్యాక్ మొదటి లైనులో గెట్‌స్టోర్ విలువ ప్రింట్ చేయండి. తేడా వస్తే దొంగ దొరికినట్టే. అసింక్ పనులను గమనించే క్రియేట్‌హుక్‌తో వెతికేవాళ్లు ఆ హుక్ లోపల కన్సోల్.లాగ్ పెట్టకండి. అదీ అసింక్ పనే కాబట్టి హుక్ తనను తానే అంతులేకుండా పిలుచుకుంటుంది. అక్కడ ఎఫ్ఎస్.రైట్‌ఫైల్‌సింక్ వాడాలి.

పరిష్కారం

కాల్‌బ్యాక్‌ను అసింక్‌రిసోర్స్.బైండ్‌తో (అప్పటి కాంటెక్స్ట్‌ను ఫంక్షన్‌కు కట్టేది) చుట్టి పూల్‌కు ఇవ్వండి. ఈ బైండ్ రిక్వెస్ట్ హ్యాండ్లర్ లోపలే జరగాలి. ఫైల్ పైభాగంలో ఒకసారి చేసేస్తే లాభం లేదు. వీలైతే కాల్‌బ్యాక్ ఫంక్షన్‌ను యుటిల్.ప్రామిసిఫైతో ప్రామిస్ ఇచ్చేదిగా మార్చి అవెయిట్ వాడటమే నాకు ఇష్టం, కోడ్ కూడా శుభ్రంగా ఉంటుంది.

స్టోర్ పెట్టడానికి ఎంటర్‌విత్ వాడుంటే రన్‌కు మార్చండి. ఎంటర్‌విత్ పెట్టిన కాంటెక్స్ట్ ఆ ఫంక్షన్‌తో ఆగదు, అదే ఎమిట్‌లో తర్వాత నడిచే లిజనర్లకూ అంటుకుంటుంది.

నోడ్ 24లో అసింక్‌లోకల్‌స్టోరేజ్ లోపలి అమలు మారింది కదా, అప్‌గ్రేడ్ చేస్తే చాలదా అంటే చాలదు. అర్రేలో దాచిన కాల్‌బ్యాక్ ఎవరిదో అక్కడా నోడ్‌కు తెలియదు.