ఆకాశం ఎందుకు నీలం అని పిల్లలు అడిగితే ఇలా చూపించండి

మా ఇల్లు విశాఖలో, బీచికి నడిచి వెళ్ళేంత దూరం. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మొన్న వేసవి సెలవుల్లో మా మనవరాలు ఇసుకలో నిలబడి, "అమ్మమ్మా, సముద్రం నీడ పడబట్టే కదా ఆకాశం నీలంగా ఉంది?" అంది. ఎవరో పెద్దవాళ్ళే చెప్పారట. నాకు ప్రాణం ఉసూరుమంది. సముద్రం పొడ కూడా లేని ఆదిలాబాదు మీద ఆకాశం నీలంగా లేదూ? నోటితో చెబితే ఆ మాట ఇంకో మాటగా మిగిలిపోతుందని, ఆ రాత్రి వంటింటి గట్టు మీద చూపించాను. మీరూ చేయండి, అరగంట చాలు.

చిన్న చేపల తొట్టె ఉంటే మంచిది. లేకపోతే పప్పులు పోసుకునే పొడుగాటి పలకల డబ్బా, అవతలి వస్తువు స్పష్టంగా కనిపించేది తీసుకోండి. గుండ్రటి సీసా వద్దు, అది వెలుగును వంచేసి పిల్లల్ని తికమక పెడుతుంది. సెల్‌ఫోన్ టార్చి, చెంచా, ఒక తెల్ల కాగితం, వెనక పెట్టడానికి నల్లగుడ్డ కావాలి. పోలరాయిడ్ చలవ కళ్ళద్దాలు దొరికితే ఇంకా మంచిది.

అసలు సంగతంతా పాలలో ఉంది. కాచి చల్లార్చి, మీగడ పూర్తిగా తీసేసిన పాలే వాడండి. మీగడలోని కొవ్వు బొట్లు పెద్దవి. పెద్ద రేణువులు అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి, అందుకే తెల్లగా కనిపిస్తాయి. మబ్బు తెల్లగా ఉండేదీ ఇందుకే, అందులో ఉన్నవి నీటి బిందువులు కాబట్టి. కొవ్వు పోయాక పాలలో మిగిలే ప్రోటీను రేణువులు చాలా చిన్నవి. మనకు కావలసింది అవే.

లీటరు నీళ్ళకు పావు చెంచా పాలు కలపండి. గదిలో దీపాలు ఆర్పి, కిటికీలు మూసి, టార్చిని డబ్బాకు ఒక చివర ఆనించి పొడుగునా వెలుగు పోనివ్వండి. పక్క నుంచి చూడండి. ఏమీ కనబడకపోతే ఇంకో పావు చెంచా. ఇక్కడ తొందరపడకూడదు. ఒకసారి తరగతిలో నేను గబగబా ఒంపేశాను, తొట్టంతా తెల్లబడి నీలం మాయమైపోయింది. పారబోసి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. సరిగ్గా కుదిరితే టార్చి దగ్గరి నీళ్ళలో పలచటి నీలిపొగలాంటి రంగు తేలుతుంది. అదే మీ వంటింటి ఆకాశం.

ఇప్పుడు రెండో చివర తెల్ల కాగితం పట్టుకోండి. దాని మీద పడే వెలుగు తెల్లగా ఉండదు, పసుపుగా, పాలు ఇంకాస్త పెంచితే నారింజగా ఉంటుంది. నీలం దారిలోనే పక్కలకు చెదిరిపోయింది కాబట్టి చివరికి చేరింది మిగిలిన రంగు. సంజ కెంజాయ కూడా ఇంతే. పొద్దుగుంకే వేళ సూర్యకాంతి గాలిలో చాలా ఎక్కువ దూరం నడిచి వస్తుంది. నీలిమా, కెంజాయా ఒకే కారణానికి రెండు చివరలని ఆ డబ్బా చూస్తూండగానే మా పిల్లకు తట్టింది. నేను చెప్పలేదు.

పై తరగతి పిల్లలుంటే లెక్క కూడా చెప్పండి. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు కాంతి తరంగం కన్నా ఎంతో చిన్నవి. అలాంటప్పుడు పరిక్షేపణం, అంటే వెలుగు చెదరడం, తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుందని లార్డ్ రేలీ 1871లో చూపారు. నీలం 450 నానోమీటర్లు, ఎరుపు 700 అనుకుంటే నీలం దాదాపు 6 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. "మరి ఊదారంగు ఇంకా ఎక్కువ చెదరాలి కదా?" అని తెలివైన పిల్ల తప్పకుండా అడుగుతుంది. చెదురుతుంది. కానీ సూర్యకాంతిలో ఊదా వంతు తక్కువ, మన కన్ను దాన్ని పట్టుకోవడమూ తక్కువే. చంద్రుడి మీద చెదరగొట్టే గాలి లేదు, అందుకే అక్కడ పట్టపగలు కూడా ఆకాశం నల్లగా ఉంటుంది.

తరగతిలో మేం హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంలో ఆమ్లం వేసి, గంధకపు రేణువులతో ఇదే చూపేవాళ్ళం. ఇంట్లో అది వద్దు, ఘాటైన వాయువు వస్తుంది.

ఇక సముద్రం నీడ మాట. నిజానికి సముద్రపు నీలమే ఆకాశపు ప్రతిబింబమని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలూ అనుకున్నారు. తన తండ్రి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెబుతుంటే ఈ విశాఖలోనే చిన్నతనం గడిపిన సి.వి. రామన్, 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో వస్తూ దీన్ని పరీక్షించారు. నీటి పైన ప్రతిఫలించే వెలుగును నికల్ పట్టకంతో, అంటే ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే స్ఫటికంతో, ఆపి చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. నీళ్ళు ఎరుపును పీల్చుకుంటాయి, నీటి అణువులు నీలాన్ని చెదరగొడతాయి. సముద్రం రంగు చాలావరకు దాని సొంతమే.

ఆ పట్టకం చేసిన పని మీ పోలరాయిడ్ అద్దాలు చేస్తాయి. డబ్బాను పక్క నుంచి చూస్తూ ఒక అద్దాన్ని కంటి ముందు మెల్లగా తిప్పండి. నీళ్ళలోని వెలుగుచార ఒకచోట ప్రకాశవంతంగా, పావు చుట్టు తిప్పేసరికి మసకగా అవుతుంది, పక్కకు చెదిరిన వెలుగు ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుంది కాబట్టి. మర్నాడు పొద్దున ఏడింటికి మేడ మీదికెళ్ళి, సూర్యుడి వైపు చూడకుండా, నడినెత్తి ఆకాశాన్ని అదే అద్దంలోంచి చూస్తూ తిప్పండి. అక్కడా అంతే, ఒక కోణంలో నీలం చిక్కబడుతుంది. వాన వెలిసిన మర్నాటి పొద్దున్న అయితే గాలిలో దుమ్ము కడుక్కుపోయి ఉంటుంది, తేడా బాగా తెలుస్తుంది.