మడత సైకిలుపై రోజువారీ సంచి
మడత సైకిలుపై ఆఫీసుకు వెళ్లేవారు సంచిని హ్యాండిల్‌కు తగిలించకపోవడం మంచిది. 16 అంగుళాల చిన్న చక్రం ఇట్టే తిరుగుతుంది, దానికి తోడు ఊగే బరువు మలుపులో హ్యాండిల్‌ను పక్కకు లాగేస్తుంది. బ్రాంప్టన్ అనే కంపెనీ మడత సైకిళ్లకైతే హ్యాండిల్ కింద ఫ్రేముకే ఒక బిళ్లను బిగించుకునే వీలుంది. దానికి సంచిని తగిలిస్తే బరువంతా ఫ్రేము మీదే ఉండి, హ్యాండిల్ తిరిగినా సంచి తిరగదు. నా దృష్టిలో ఇంతకు మించిన ఏర్పాటు లేదు.

అది లేనివారికి వెనుక క్యారియరే గతి. అయితే సంచిని పక్కకు వేలాడదీస్తే తొక్కేటప్పుడు మడమ తగిలే అవకాశం ఉంది కనుక, దాన్ని క్యారియర్‌పై నిలువుగా నిలబెట్టి, భుజం పట్టీలను సీటు గొట్టానికి చుట్టి, అడుగున రబ్బరు తాడు బిగించండి. వేలాడే పట్టీ కొసలను తప్పక లోపలికి దోపండి; నా సంచి కొస ఒకసారి చక్రం పుల్లల్లో చుట్టుకుని, నడిరోడ్డు మీద సైకిలు ఆగిపోయింది.