మోకాలికి మూలకణాల ఇంజెక్షన్: డబ్బు కట్టే ముందు తేల్చుకోవలసిన విషయాలు

మోకాలిలో గుజ్జు అరిగిందనీ, మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే ఇతర రకాల కణాలుగా మారగల కణాలు) ఇంజెక్షన్ చేస్తే అది మళ్లీ పెరుగుతుందనీ మీతో ఎవరైనా చెప్పి ఉంటే, ముందుగా మీ చేతిలో ఉన్న ఎక్స్‌రే ఎలా తీసినదో చూసుకోండి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య సందు చాలానే మిగిలినట్లు కనిపించవచ్చు. ఒంటి బరువు మోకాలి మీద పడినప్పుడే ఆ సందు నిజంగా ఎంత ఉందో బయటపడుతుంది. మా అమ్మకు ఒక క్లినిక్‌లో పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేను చూసి, ఇంకా తొలిదశేనని చెప్పి ఇంజెక్షన్‌కు తేదీ కూడా ఖాయం చేశారు. తరువాత మరో ఎముకల వైద్యురాలు నిలబెట్టి తీయించగా, మోకాలి లోపలి వైపు రెండు ఎముకలూ ఆనుకుని ఉన్నాయి. ఆ దశలో ఇంజెక్షన్‌కు పెట్టే డబ్బు వృథా అని ఆమె నిర్మొహమాటంగా చెప్పినందుకు నేటికీ కృతజ్ఞుడిని.

అరుగుదలను వైద్యులు 1957 నుంచి వాడుకలో ఉన్న కెల్‌గ్రెన్–లారెన్స్ పద్ధతిలో సున్నా నుంచి నాలుగు వరకు గ్రేడులుగా లెక్కిస్తారు. మీది ఏ గ్రేడో అడిగి రాయించుకోండి. కణచికిత్సల పరీక్షలు ఎక్కువగా రెండు, మూడు గ్రేడుల వారిపైనే జరిగాయి. ఎముకకు ఎముక రాసుకుంటున్న నాలుగో గ్రేడులోనూ, కాలు బాగా వంకర తిరిగినప్పుడూ ఈ ఇంజెక్షన్ నుంచి పెద్దగా ఆశించకూడదు.

గుజ్జు అనే మాట వల్ల అదేదో మెత్తని ముద్ద అనీ, తగ్గితే నింపవచ్చనీ అనిపిస్తుంది. మేక కాళ్ల పులుసు వండేవారు ఎముక కొన మీద తెల్లగా, నున్నగా మెరిసే గట్టి పొరను చూసే ఉంటారు. గుజ్జు అంటున్నది దానినే, వైద్యుల మాటలో మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు కనుక గాయపడితే చర్మం మానినట్లు తనంత తాను మానలేదు. ఆటలో దెబ్బ తగిలి ఒకచోట మాత్రమే పొర ఊడిన యువకుడి సమస్య వేరు, అరవై ఏళ్ల వారి కీలంతా అరిగిన సమస్య వేరు. మొదటిదానికి రోగి మృదులాస్థి కణాలనే ప్రయోగశాలలో పెంచి తిరిగి అమర్చే పద్ధతిని స్వీడన్ వైద్యులు 1994లో ప్రకటించారు. అలాంటి ఫలితాలను చూపించి కీళ్ల అరుగుదలకు కూడా అదే జరుగుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు.

తరువాత అడగవలసినది సిరంజిలో ఏముంటుందన్నది. మీ రక్తం తీసి, యంత్రంలో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లను చిక్కబరిచి ఎక్కించేది పీఆర్‌పీ. అది మూలకణ చికిత్స కాదు. తుంటి ఎముక నుంచి మూలుగ తీసి చిక్కబరిచే పద్ధతి మరొకటి ఉంది. అయితే ఆ మూలుగ కణాలలో ఇక్కడ పనికివచ్చే మూలకణాలు లక్షకు ఒకటి నుంచి పది వరకే ఉంటాయి. మూడోది, దాతల మూలుగ నుంచి తీసి ప్రయోగశాలలో పెంచిన కణాలు. బెంగళూరులో తయారైన స్టెంప్యూసెల్ అనే ఇలాంటి మందుకు 2022లో మన ఔషధ నియంత్రణ సంస్థ మోకీళ్ల అరుగుదలకు అనుమతి ఇచ్చింది. మోతాదు రెండున్నర కోట్ల కణాలు, ఒకే ఇంజెక్షన్. కనుక మందు పేరేమిటో, ఏ జబ్బుకు అనుమతి ఉందో రాతపూర్వకంగా అడగండి. ఇది పరిశోధన అంటే, దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య చెప్పమనండి. పరిశోధనలో పాల్గొనేవారి నుంచి ఆ ప్రయోగ చికిత్సకు డబ్బు తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధన పేరు చెప్పి బిల్లు చేతికిస్తే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

ఈ కణాలు కీలులోకి వెళ్లి కొత్త మృదులాస్థిగా మారి స్థిరపడతాయన్నది నిరూపణ కాలేదు. అవి కొంతకాలమే ఉండి, వాపును అణచే పదార్థాలను విడుదల చేసి నొప్పి తగ్గిస్తాయని శాస్త్రవేత్తలు ఎక్కువగా భావిస్తున్నారు. అమెరికాలో 480 మందిపై జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో మూలుగ, కొవ్వు, బొడ్డుతాడు నుంచి తీసిన మూడు రకాల కణాలనూ మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాది తరువాత నొప్పి విషయంలో ఏ రకమూ స్టెరాయిడ్ కంటే మెరుగని తేలలేదు. అందువల్ల నొప్పి కొంత తగ్గవచ్చన్న ఆశతో చేయించుకోవడం ఒక నిర్ణయం, మోకాలు కొత్తదవుతుందని నగలు తాకట్టు పెట్టి చేయించుకోవడం పూర్తిగా మరొకటి.

చేయించుకోవాలని నిశ్చయించుకుంటే, మధుమేహం, రక్తం పలుచబరిచే మందులు, ఎప్పుడైనా వచ్చిన క్యాన్సర్ వంటివి ముందుగానే వైద్యుడికి చెప్పాలి. నొప్పి మాత్రలు ఎన్నాళ్లు ఆపాలో అడగాలి. తరువాత ఒకటి రెండు రోజులు బిగుసుకుపోయినట్లు ఉండడం మామూలే. అయితే జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా, వేడిగా వాచి, కాలు మోపలేకపోతే కీలులో చీము పట్టిందేమోనని అనుమానించి, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంజెక్షన్ వేయించుకున్నా, మానుకున్నా తొడ కండరానికి బలం ఇవ్వవలసిందే. మంచం మీద కాలు చాపి, చుట్టిన తువ్వాలును మోకాలి కింద పెట్టి, దానిని కిందికి నొక్కుతూ అయిదు లెక్కపెట్టి వదలాలి. సరిగా చేస్తే మోకాలి చిప్ప పైనున్న కండరం గట్టిపడడం చేతికి తెలుస్తుంది. ఇలా పదిసార్లు, రోజుకు రెండు పూటలా చేయవచ్చు. ఒక కిలో బరువు తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కింద కూర్చోవడానికి బదులు కుర్చీ వాడడం మోకాళ్లు అరిగినవారికి నిజంగా మేలు చేస్తుంది.

ఇంజెక్షన్‌కు ముందురోజే ఒక నోటుపుస్తకంలో, ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో, ఎన్ని నిమిషాలు నడవగలరో, వారానికి ఎన్ని నొప్పి మాత్రలు వేసుకుంటున్నారో రాసిపెట్టుకోండి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి అవే మెట్ల దగ్గర మళ్లీ లెక్క చూసి రాయండి. రెండో ఇంజెక్షన్ మాట వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని వైద్యుడి బల్ల మీద పెట్టి మాట్లాడండి.