మన వైద్య పరిశోధనలో విదేశీ భాగస్వామ్యం పెరిగిందా? పబ్‌మెడ్‌తో లెక్క తీయడం ఇలా

భారతీయులు విదేశీ సంస్థలతో కలిసి రాసిన వైద్య పరిశోధన పత్రాలెన్నో పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పత్రాల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్) ఉచితంగానే లెక్క తీయొచ్చు. ఏ ఏడాది నుంచి మొదలుపెట్టాలో ముందు తేల్చుకోండి. 1988 నుంచి 2013 వరకు అందులో మొదటి రచయిత పనిచేసే సంస్థ చిరునామా ఒక్కటే ఎక్కించేవారు. 2014 నుంచి అందరివీ ఎక్కిస్తున్నారు. 2010నీ 2016నీ పక్కపక్కన పెడితే భాగస్వామ్యం అమాంతం పెరిగినట్టు కనిపించేది ఇందుకే. ఆ పోలిక జోలికే పోవద్దు, 2015 నుంచి లెక్కపెట్టండి.

అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో అఫిలియేషన్ (సంస్థ చిరునామా) ఎంచుకుని ఇండియా అని కొట్టి, తేదీలు ఇవ్వండి. ఒక విడతలో 10,000 రికార్డులకు మించి దిగవు కాబట్టి నెలలవారీగానో, ఇంకా చిన్న విడతలుగానో విడగొట్టాలి. సేవ్ చేసేటప్పుడు పబ్‌మెడ్ ఫార్మాటే ఎంచుకోండి, సీఎస్‌వీలో చిరునామాలు రావు. డిసెంబరులో ఆన్‌లైన్‌లో, జనవరిలో అచ్చులో వచ్చిన పత్రం రెండేళ్లలోనూ తగులుతుంది. పీఎంఐడీ (ప్రతి పత్రానికీ పబ్‌మెడ్ ఇచ్చే గుర్తింపు నంబరు) చూసి డూప్లికేట్లు తీసేయండి.

అసలు శ్రమంతా చిరునామాల దగ్గరే. దించుకున్న చిరునామాలను షీట్‌లో పెట్టి, ఇంగ్లిష్‌లో ఇండియా అనే అక్షరాల కోసం వెతికితే అమెరికాలోని ఇండియానా, ఇండియానాపొలిస్ కూడా మన ఖాతాలో పడతాయి. కోల్‌కతా, ఇండియానాపొలిస్ వాళ్లు కలిసి రాసిన పత్రం అచ్చంగా స్వదేశీదైపోతుంది! పూర్తి పదం కలిస్తేనే తీసుకోండి. దేశం పేరు రాయకుండా ఊరి పేరుతో ఆపేసిన చిరునామాలూ ఉంటాయి. వాటికోసం హైదరాబాద్ అని వెతికితే పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్ కూడా వస్తుంది. సింధ్, జామ్‌షోరో అని ఉన్న చిరునామాలను మన లెక్కలోంచి తీసేయాలి. అమెరికన్లు బోస్టన్, ఎంఏ (మసాచుసెట్స్ రాష్ట్రం) అని దేశం పేరు లేకుండా రాసి వదిలేస్తుంటారు. రాష్ట్రాల పొట్టిపేర్ల జాబితా పెట్టుకోకపోతే అమెరికా భాగస్వామ్యం ఉన్నదానికన్నా తక్కువ తేలుతుంది.

ఇక లెక్క. నలుగురు మనవాళ్లు, ఒక బ్రిటన్ రచయిత ఉన్న పత్రానికి పూర్తి లెక్కలో రెండు దేశాలకూ చెరొకటి. వాటా లెక్కలో మనకు 0.8, వాళ్లకు 0.2. వందలమంది రచయితలుండే ప్రపంచ వ్యాధిభారం (గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్) అధ్యయన పత్రాలు పూర్తి లెక్కను ఉబ్బిస్తాయి కాబట్టి రెండూ చూపించడమే న్యాయం. మొదటి రచయిత, చివరి రచయిత ఏ దేశంవారో వేరే కాలమ్‌లో రాయండి. పని ఎవరు నడిపించారో అంచనా కట్టడానికి అదే పనికొస్తుంది.

గ్రాఫ్ గీసే ముందు, ఎంపికలో మీ ఇష్టం లేకుండా చీటీ తీసినట్టు 100 పత్రాలు తీసి, చిరునామాలన్నీ కంటితో చూడండి. అయిదారు తప్పులు దొరికితే ఊళ్ల జాబితా సరిచేసి మళ్లీ మొదటినుంచి నడపండి.