నౌపడా చిన్న రైలు జాడ పట్టాలంటే

ముందు శ్రీకాకుళం జిల్లా నౌపడాలో దిగండి. ఉప్పు మడుల గాలి తగిలాక టేపు తీసి నేల మీద 762 మిల్లీమీటర్లు కొలవండి. పర్లాకిమిడి మహారాజు 1900లో వేయించిన పట్టాల మధ్య దూరం అంతే! ఇప్పటి పెద్ద పట్టాల (బ్రాడ్‌గేజ్) మధ్య 1676.

తర్వాత గుణుపూర్ రైలెక్కి టెక్కలి, పాతపట్నం చూసుకుంటూ వెళ్లండి. మొదటి లైను పర్లాకిమిడి దాకానే. గుణుపూర్ చేరేసరికి 1931. 2004లో ఆపేసి, 2011లో పెద్ద పట్టాలతో తెరిచారు.

అసలు సరుకు ముసలాళ్ల దగ్గరుంది. "టిక్కెట్టు ఎంత?" అని అడగొద్దు, "బండి ఎక్కడ నెమ్మదించేది?" అనండి. మా తాత బండి నెమ్మదించే ఎత్తు దగ్గర దిగి, చుట్ట ముట్టించి, మళ్లీ అదే బండి ఎక్కేవాడట. సగం కోతలే అనుకోండి. అయినా ఆ ఎత్తెక్కడో రాసుకోండి.