ఫ్రీలాన్స్ రైటింగ్‌కి జాబ్ బోర్డు ఎంచుకోవడం ఎలా

జాబ్ బోర్డు అంటే పని ప్రకటనలు పెట్టే సైటు. అందులో ఎన్ని ప్రకటనలు ఉన్నాయో చూసి మురిసిపోవద్దు. ఒకే పనిని పది సైట్లలో పెట్టేవాళ్లుంటారు. మనిషి దొరికిపోయినా ప్రకటన తీయకుండా వదిలేసేవాళ్లూ ఉంటారు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఆ సైటు ఎవరి డబ్బుతో నడుస్తోంది? పని ఇచ్చేవాళ్లదా, మీ సంపాదనలో కోతదా, లేక మీరు కట్టే చందాదా? మిగతా తేడాలన్నీ దాదాపుగా అక్కడినుంచే పుడతాయి.

పని ఇచ్చేవాళ్లు డబ్బు కట్టి ప్రకటన వేసే చోట చెత్త తక్కువ. ప్రోబ్లాగర్ జాబ్స్ ఈ కోవదే, రైటర్లకు ఉచితం. కాకపోతే అక్కడ దాదాపు అంతా ఇంగ్లీషు పనే, పోటీ ప్రపంచమంతటితోనూ. పైగా ప్రకటన వేయడంతో బోర్డు పని అయిపోతుంది. క్లయింటు డబ్బు ఎగ్గొడితే అక్కడ అడిగే దిక్కుండదు. కొత్త క్లయింటుతో మొదట ఒక్క ఆర్టికల్‌కే ఒప్పుకోండి, సగం అడ్వాన్సు అడగండి.

లింక్డ్ఇన్‌లో జాబ్స్ ట్యాబ్ కంటే పోస్టుల్లో వెతకడం మేలు. మాదాపూర్, కొండాపూర్ వైపు చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలు చాలావరకు పద్ధతిగా ప్రకటన వేయవు. అక్కడ పనిచేసే మనిషే తన ప్రొఫైల్లో ‘రైటర్ కావాలి’ అని రెండు లైన్లు రాసి వదిలేస్తాడు. ‘తెలుగు కంటెంట్ రైటర్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పోస్టులు ఎంచుకుని, తేదీ ఫిల్టర్‌ను గత వారానికి పెట్టండి. నౌక్రీలో ఎక్కువగా ఫుల్‌టైమ్ ఉద్యోగాలే. ఇంటర్న్‌శాల కాలేజీ పిల్లలకు సరే, దానిమీద ఇల్లు గడవదు.

ఇక కమీషన్ సైట్లు. ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోండి. ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది, 100 డాలర్ల పనికి మీకు మిగిలేది 80. ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో ఫిక్స్‌డ్ పనులకు, అంటే మొత్తానికి ఒకే రేటు మాట్లాడుకున్నవాటికి, 10 శాతం లేదా 5 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. అంటే 20 డాలర్ల చిన్న పని పట్టుకుంటే పావు వంతు పోయినట్టే. అప్‌వర్క్‌లో 2025 మే తర్వాతి కాంట్రాక్టులకు ఫీజు 0 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. ఎంతన్నది ఒప్పుకునే ముందే కనిపిస్తుంది, చూడకుండా నొక్కేయకండి.

అప్‌వర్క్‌లో అసలు ఖర్చు ఫీజు కాదు, కనెక్ట్స్. అంటే ప్రపోజల్ (పనికి దరఖాస్తు) పంపడానికి వాడే టోకెన్లు. ఒక్కోటి 15 సెంట్లు, ఒక ప్రపోజల్‌కు ఎన్ని కావాలన్నది పనిని బట్టి మారుతుంది. 12 చొప్పున 20 ప్రపోజల్స్ పంపితే 36 డాలర్లు, ఇంకా రూపాయి సంపాదించకుండానే. అందుకే పంపే ముందు ప్రకటన కింద క్లయింటు వివరాలు చదవండి. పేమెంట్ వెరిఫైడ్ అని లేకపోతే వదిలేయండి. హైర్ రేటు చూడండి: 20 ప్రకటనలు వేసి ముగ్గురికే పని ఇచ్చిన మనిషి మీకూ ఇవ్వడు. ప్రపోజల్స్ 50 దాటి, ఇంటర్వ్యూలు కూడా మొదలై ఉంటే కనెక్ట్స్ దండగ. ఫిక్స్‌డ్ పని అయితే మైల్‌స్టోన్‌కు (పనిలో ఒక్కో దశకు) క్లయింటు డబ్బు అప్‌వర్క్‌లో జమ అయ్యాకే రాయడం మొదలుపెట్టండి. మీరు సబ్మిట్ చేశాక క్లయింటు 14 రోజులు ఉలకకపోయినా డబ్బు దానంతటదే విడుదలవుతుంది, ఆ తర్వాత 5 రోజులకు తీసుకోవచ్చు. ‘కమీషన్ మిగుల్చుకుందాం, వాట్సాప్‌కి రండి’ అనేవాళ్లతో వెళ్తే ఈ రక్షణ పోతుంది, ఖాతా కూడా పోవచ్చు.

రైటర్ దగ్గరే డబ్బు తీసుకునే సైట్లలో ఫ్లెక్స్‌జాబ్స్ లాంటివి నిజమైనవే. కానీ అక్కడి పనులు ఎక్కువగా అమెరికాలో ఉండేవాళ్లకే, హైదరాబాద్‌లో కూర్చుని చందా కట్టడం అనవసరం. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, సాఫ్ట్‌వేర్ లైసెన్సు అనే మాట వినిపిస్తే అక్కడితో ఆపేయండి.

అసలు ప్రమాదం ముందు డబ్బు అడగని రకంతో. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గోడల మీది ‘ఇంట్లో కూర్చుని టైపింగ్’ కాగితాలకు ఇది ఆన్‌లైన్ రూపం. మొదట అగ్రిమెంటు మీద సంతకం చేయిస్తారు. మసక స్కాన్ పేజీలు వందల్లో ఇచ్చి వారంలోపు గడువు పెడతారు. పని పంపగానే ‘అక్యురసీ సరిపోలేదు’ అని తేల్చి, లాయర్ నోటీసు, కోర్టు కేసు అంటూ ఫోన్లో బెదిరించి వేలు గుంజుతారు. కట్టకండి. అగ్రిమెంటు, మెసేజీల స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఉచిత శాంపిల్ పేరుతో వెయ్యి పదాలు అడిగేవాళ్లు ఇంత ప్రమాదం కాదు గానీ, ఒక్కో అభ్యర్థికి ఒక్కో టాపిక్ ఇచ్చి సైటు నింపుకునేవాళ్లుంటారు. పాత ఆర్టికల్ లింకు ఇవ్వండి, లేదా 200 పదాలకు ఒప్పుకోండి.

తెలుగు పని ఇచ్చే బోర్డయితే రెండు ప్రశ్నలు అదనం. ఒకటి, యూనికోడా (ఫోన్లలో, వెబ్‌లో మామూలుగా వాడే తెలుగు), అను ఫాంట్లా (డీటీపీలో వాడే పాత పద్ధతి)? వెబ్‌కి యూనికోడ్ కావాలి. ప్రింటు, బ్రోషర్ పనుల్లో అను అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకదాంట్లో ఇచ్చాక రెండోదాంట్లోకి మారిస్తే ఒత్తులు చెదురుతాయి, మళ్లీ ప్రూఫ్ చూడాలి. ఆ సమయానికి ఎవరూ డబ్బివ్వరు. రెండోది, అనువాదానికి పద లెక్క ఏ భాషది? తెలుగులో విభక్తులు మాటకు అతుక్కోవడంతో పదాల సంఖ్య బాగా తగ్గుతుంది. అదే రేటుకు తెలుగు పదాలు లెక్కిస్తే నష్టం మీదే, కాబట్టి ఇంగ్లీషు మూలం లెక్క అడగండి. అనువాదకులకు ప్రోజ్ డాట్ కామ్‌లో బ్లూ బోర్డు ఉంది. ఏజెన్సీతో మళ్లీ పనిచేస్తారా అన్నదానికి అనువాదకులు 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు.

ఇంతా చూశాక బోర్డును వారం పరీక్షించండి. వరసగా 20 ప్రకటనలు తీసుకుని ఒక షీటులో రాయండి: రేటు చెప్పారా, సంస్థ పేరుందా, ఎప్పుడు వేశారు, డబ్బు ఏ దారిన ఇస్తారు. నాలుగింటికీ జవాబున్నవి అయిదు కూడా లేకపోతే ఆ బోర్డు వదిలేయండి. రెండు బోర్డులకు మించి పెట్టుకోవద్దు. రోజంతా వెతకడంతోనే గడిచిపోతుంది.

డబ్బు దారి విషయానికొస్తే, 2021 ఏప్రిల్ నుంచి పేపాల్ మన దేశంలోపల చెల్లింపులు చేయట్లేదు. ఇక్కడి క్లయింటు అయితే యూపీఐ లేదా బ్యాంకు బదిలీ. ఒక కంపెనీ మీకిచ్చేది ఏడాదికి 50,000 రూపాయలు దాటితే అది 10 శాతం టీడీఎస్ (మీ పేరున ముందే కట్టే పన్ను) పట్టుకుంటుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. పట్టుకున్నది నిజంగా కట్టారో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో మీ పాన్ మీద చూసుకోండి. కంపెనీలు మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్న్ వేసే గడువులు జూలై, అక్టోబరు, జనవరి, మే నెలాఖర్లు. అవి దాటాక కూడా కనపడకపోతే ఏజెన్సీ అకౌంట్స్ వాళ్లకు బిల్లు నంబరుతో మెయిల్ పెట్టండి.